పిన్నిగారి తామర తొట్లలో చెంచాడు మందు

గోదావరి ఒడ్డున ఉన్న ఒక పట్టణం నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టవద్దన్నారు కనుక ఆనవాళ్ళు తీసేసి సారం చెబుతున్నాను.

ఆమె వయసు 36. తొమ్మిదేళ్ళ కూతురికి నిరుడు అక్టోబరులో డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు 22 వేలకు పడిపోయాయి. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. పాప కోలుకుంది గాని తల్లి ఇంకా కోలుకోలేదు. రాత్రిపూట దోమ చప్పుడు వినిపిస్తే చాలు, లేచి దీపం వేసి పాప కాళ్ళూ చేతులూ వెతుకుతున్నారట.

పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడను ఈమె పిన్నిగారూ అని పిలుస్తారు. ఆవిడ పెరట్లో ఆరు తామర తొట్లు, మొక్కలకు నీళ్ళు పట్టి ఉంచే సిమెంటు గాబు, గేటు పక్కన వీధి ఆవుల కోసం కుడితి తొట్టి ఉన్నాయి. తామరలు చనిపోయిన భర్త చేత్తో నాటినవి. మే నెలలో ఈమె ఆ తొట్లలో లార్వాలు కదలడం చూసి, నీళ్ళు పారబోస్తే మంచిదేమో అన్నారు. పిన్నిగారి ముఖం చిన్నబోయింది. "ఆయన పెట్టిన మొక్కలమ్మా" అని లోపలికి వెళ్ళిపోయారు. ఆ తరవాత ఈమె ఆ మాట ఎత్తలేదు. లార్వాలను చంపే బ్యాక్టీరియా పొడి ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించి, జూన్ నుంచి ప్రతి శనివారం తెల్లవారకముందే, పొట్టి గోడ మీదుగా పొడుగు కాడ గరిటెతో తొట్టికో చెంచాడు చొప్పున వేస్తూ వచ్చారు. కుడితి తొట్టిలోనూ మొదట్లో రెండుసార్లు వేశారు. జూలై చివర్లో పొట్లం అయిపోతే ఎరువుల కొట్లో "బీటీ మందు" అని అడిగి విడిగా తూయించుకుని తెచ్చారు. దాన్ని వంటింటి అలమరలో పాత కాఫీపొడి సీసాలో పోసి ఉంచారు.

ఆగస్టులో పిన్నిగారి పెద్ద తొట్టిలోని ఐదు బంగారు చేపల్లో మూడు రెండు రోజుల తేడాలో చచ్చిపోయాయి. అంతకు ముందురోజే ఆవిడ తొట్టి కడిగి కుళాయి నీళ్ళు పట్టారు. అయినా ఆవిడకు అనుమానం వచ్చింది శుక్రవారాలు వీధిలో మందు చల్లే అబ్బాయి మీద. వెళ్ళి ఫిర్యాదు చేశారు. అతను కాంట్రాక్టు మీద పనిచేసే కుర్రవాడు. విచారణ అయ్యేదాకా పనిలోకి రావద్దన్నారట. ఆ శుక్రవారం అతను వీధి కాలువలో చల్లి వెళ్ళాడే గాని పిన్నిగారి గేటు లోపల అడుగే పెట్టలేదు. ఈమె మేడ మీద బట్టలు ఆరేస్తూ చూశారు. "అమ్మా, చేపలకు కూడా డెంగీ వచ్చిందా?" అని పాప అడిగిన రోజు ఈమెకు అన్నం సహించలేదు. భర్త మాత్రం, "పాతిక రూపాయల చేపల కోసం ఇరుగుపొరుగుతో తగవు తెచ్చుకుంటావా, ఊరుకో" అంటున్నారు. బీటీ పత్తిలో ఉండేదీ ఇదేనని, ఆవులకు ఏమైనా అయితే మెడకు చుట్టుకుంటుందని భయపెడుతున్నారు కూడా. మందు చేపలను చంపిందా, ఆవులకూ పాపకూ ప్రమాదమా, పిన్నిగారికి చెప్పాలా వద్దా? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా,

నేను పురపాలక మలేరియా విభాగంలో 28 ఏళ్ళు పనిచేశాను కాబట్టి మందు సంగతి ముందు తేల్చుకుందాం. మీ ఉత్తరంలో మందు గురించిన భయమూ, చేసిన పని గురించిన బాధా పెనవేసుకుపోయాయి. మొదటిది నాలుగు విషయాలు తెలిస్తే విడిపోతుంది. రెండోది అలా విడిపోదు.

మీరు మొదట తెప్పించినది బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే మట్టి బ్యాక్టీరియాలో ఇస్రాయెలెన్సిస్ అనే రకం. పొట్టిగా బీటీఐ అంటారు. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో ఒక నీటి మడుగులో దోమ లార్వాలు కుప్పలుగా చచ్చి ఉండటం చూసి గోల్డ్‌బర్గ్, మార్గలిత్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీన్ని కనుక్కున్నారు. మన దేశంలో పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ కూడా బి-17 అనే సొంత రకాన్ని వెలికితీసి దానితో మందు తయారీ పద్ధతిని రూపొందించింది.

ఈ బ్యాక్టీరియా తన ఒంట్లో చిన్న ప్రోటీన్ స్ఫటికాన్ని తయారు చేసుకుంటుంది. ఆ స్ఫటికం దానంతట అది విషం కాదు. దోమ లార్వా నోటి దగ్గరి కుచ్చులతో నీటిని వడకట్టుకుంటూ, దొరికిన నలుసునల్లా మింగుతుంది. దాని పేగులో క్షారం ఎక్కువ. స్ఫటికం అక్కడ కరిగి, అక్కడి ఎంజైముల వల్ల తెగి, అప్పుడు విషమవుతుంది. పేగు గోడకు అతుక్కుని చిల్లులు పొడుస్తుంది. మన జీర్ణాశయంలో ఉండేది ఆమ్లం. ఆ విషం అతుక్కోవడానికి తగిన చోటు మన పేగులోనూ లేదు, ఆవు పేగులోనూ లేదు, చేప పేగులోనూ లేదు. నిల్వ ఉంచే తాగునీటి పాత్రల్లో కూడా దీన్ని వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది అందుకే. అయితే అందుకు తగిన శుద్ధితో తయారైన సరుకే వాడాలన్నది షరతు. పశ్చిమ ఆఫ్రికాలో నల్ల ఈగల వల్ల వచ్చే నదీ అంధత్వాన్ని అదుపు చేయడానికి 1974లో పెద్ద కార్యక్రమం మొదలైంది. ఆ ఈగలు రసాయన మందుకు లొంగకుండా పోయినప్పుడు ఈ బ్యాక్టీరియానే నదుల్లో ఏళ్ళ తరబడి వాడారు. ఆ నదుల్లో చేపలు పట్టుకునే జనం బతికారు, చేపలూ బతికాయి.

మీ భర్తగారి బీటీ పత్తి భయం పేరు చూసి పుట్టింది. అవి ఒకే బ్యాక్టీరియాలోని వేర్వేరు రకాలు. వాటి ప్రోటీన్లు వేరు, అవి చంపే పురుగులూ వేరు. పత్తిలో పెట్టినది కాయతొలుచు పురుగు కోసం, దోమను అది ఏమీ చేయలేదు. 2006లో వరంగల్ ప్రాంతంలో బీటీ పత్తి చేలల్లో మేసిన గొర్రెలు చనిపోయాయని కాపరులు ఆరోపించిన సంగతి మన తెలుగు రాష్ట్రాల్లో చాలామందికి గుర్తుంది. ఆ వివాదానికీ మీరు తొట్లలో వేసిన పొడికీ పేరులో తప్ప పోలిక లేదు. కుడితి తొట్టిలో జూన్‌లో రెండుసార్లు వేసింది మొదటి పొట్లం నుంచే కనుక ఆవుల గురించి బెంగ పెట్టుకోకండి.

నన్ను కలవరపెట్టింది రెండో పొట్లం. ఎరువుల కొట్లో "బీటీ" అని అడిగితే సాధారణంగా ఇచ్చేది మిరప, పత్తి, కూరగాయల మీది గొంగళిపురుగులకు వాడే కుర్స్టాకి రకం. దాని వల్ల చేపలూ చావవు, మీ దోమ లార్వాల మీదా అది పెద్దగా పనిచేయదు. అదే ఇచ్చి ఉంటే ఆగస్టంతా మీరు దాదాపు ఉత్త పొడి చల్లారన్నమాట. కాని విడిగా తూచి ఇచ్చిన పొడిలో ఏముందో ఆ కొట్టతనికి తప్ప ఎవరికీ తెలియదు. మరేదైనా రసాయన పురుగుమందు అయితే అది చేపలను గంటల్లో చంపగలదు. కాబట్టి ఆ సీసాలోది ఇకపై ఎక్కడా వాడకండి, కాలువలో పారబోయకండి. మూత బిగించి మీ పట్టణ మలేరియా విభాగంలో చూపించండి. ఇంకోసారి కొంటే ముద్రించిన పొట్లమే కొనండి. దాని మీద ఇస్రాయెలెన్సిస్ అనే మాట, కేంద్ర క్రిమిసంహారక బోర్డు నమోదు సంఖ్య, గడువు తేదీ ఉండాలి. రంగుల గుర్తు కూడా చూడండి. ఎరుపు అతి తీవ్ర విషం, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ.

ఇక మోతాదు. తాగునీటి పాత్రల్లో వాడే గాఢమైన గుళికల మందుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క లీటరు నీటికి 1 నుంచి 5 మిల్లీగ్రాములు. అరవై లీటర్ల తొట్టికి ఎంత వేసినా 300 మిల్లీగ్రాములు, అంటే రెండు వేళ్ళతో తీసిన చిటికెడు. మీ చెంచాలో మూడు నాలుగు గ్రాములైనా పట్టి ఉంటుంది. అంటే పది రెట్లు పైనే. పొడిని బట్టి లెక్క మారుతుంది, పొట్లం మీద ఉన్నదే ప్రమాణం. అయినా చెంచాడు ఎక్కువే. విషం చేపను తాకకపోయినా, పొడిలో కలిపే పూరక పదార్థాలు చిన్న తొట్టిలో వారం వారం పేరుకుంటే నీరు మడ్డిపడుతుంది, కుళ్ళుతుంది, ప్రాణవాయువు తగ్గుతుంది. తామరాకులు పైన కప్పేసిన తొట్టిలో అది ఇంకా తొందరగా జరుగుతుంది. మందు వేసే మీ మాట కూడా చెప్పాలి. పొడి దశలో అది కంటినీ ముక్కునూ మండిస్తుంది. నీటిలో కలిపి వేయాలి, ముఖానికి గుడ్డ కట్టుకోవాలి, చేతులు కడుక్కోవాలి.

ఇంకో పక్కన మీరే రాసిన రెండు సంగతులు చూడండి. జూన్ నుంచి వారం వారం అదే తొట్టిలో వేశారు, చేపలు హాయిగా తిరిగాయి. చచ్చింది కుళాయి నీళ్ళు పట్టిన మర్నాడు. గోదావరికి ఎర్రనీరు వచ్చే రోజుల్లో కుళాయి నీళ్ళలో క్లోరిన్ పెంచడం మామూలే. బంగారు చేపలు పెంచేవాళ్ళు కుళాయి నీళ్ళను ఒకరోజు బక్కెట్లలో ఆరబెట్టి పోసేది ఆ భయంతోనే. తొట్టి కడిగి ఒక్కసారిగా నింపితే చేపలు తట్టుకోవడం కష్టం. నా అంచనా అయితే క్లోరిన్ వైపే మొగ్గుతుంది. కాని ఆ సీసాలో ఏముందో తేలేవరకు మీ చేయి అసలు లేదని నేను అనలేను. మీరూ అనుకోలేరు.

అసలు ఆ తొట్టిలో మందు అవసరమే లేదు, తెలుసా? చేపలున్న తొట్టిలో లార్వాలు మిగలవు. వేసే ముందు ఒక్కసారి గరిటెతో తీసి చూసి ఉంటే మీకే తెలిసేది.

ఎలా చూడాలో చెబుతాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పై అధికారి ముందు నేర్పింది మందు చల్లడం కాదు, తెల్ల గరిటె పట్టుకోవడం. నీడ నీళ్ళ మీద పడకుండా ఎండకు ఎదురుగా నిలబడి, గరిటెను అంచున ముంచి మెల్లగా తీయాలి. నీడ పడిందా, లార్వాలు అడుగుకు దూకేస్తాయి. డెంగీ దోమ లార్వాలు తల కిందకు వేలాడేసి, తోక చివరి గొట్టంతో నీటి పైపొరను పట్టుకుని గాలి పీలుస్తుంటాయి. మలేరియా దోమవి నీటి మీద చదునుగా పడుకుంటాయి. వాటి మధ్య కామా గుర్తులా వంగి, గిరికీలు కొట్టేవి ప్యూపాలు, అంటే లార్వా దోమగా మారే ముందు దశ. ఈ ప్యూపాలు ఏమీ తినవు కాబట్టి బీటీఐ వాటిని ఏమీ చేయలేదు. బాగా ముదిరిన లార్వాలు కూడా మేత మానేస్తాయి. మందు వేసిన మర్నాడు కూడా దోమలు లేచాయని జనం మమ్మల్ని తిట్టేది అందుకే. ఇంకో సంగతి, తామర తొట్టిలోవీ కుడితి తొట్టిలోవీ ఒకే దోమలు కావు. డెంగీ దోమకు శుభ్రమైన నీరు కావాలి. మీ గోదావరి జిల్లాల్లో తరతరాలుగా బోదకాలు తెచ్చిన క్యూలెక్స్ మురికి నీటిని వెతుక్కుంటుంది. పులిసిన కుడితిలో తినడానికి వేరే నలుసులు బోలెడు ఉంటాయి కనుక బీటీఐ అక్కడ సరిగ్గా పనిచేయదు. అలాంటి నీటికి స్ఫెరికస్ అనే ఇంకో బ్యాక్టీరియా మందు ఉంది గాని, అది డెంగీ దోమ మీద పెద్దగా పనిచేయదు. కుడితి తొట్టికి మందు కన్నా కొబ్బరిపీచు మేలు. వారానికోసారి ఒలకబోసి గోడలు రుద్దాలి. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున పాత్ర గోడకు అంటుకుని ఉంటాయి. ఎండినా నెలల తరబడి చావవు, మళ్ళీ నీరు తగలగానే పొదుగుతాయి. నీళ్ళు పారబోసి రుద్దకపోతే పని సగమే అయినట్టు. మన ఎండలకు గుడ్డు దోమ కావడానికి వారం నుంచి పది రోజులు చాలు. వారానికొక రోజు పాత్రలన్నీ ఎండబెట్టమని చెప్పేది అందుకే.

ఇప్పుడు ఆ కుర్రవాడి సంగతి. ఆ పంపు నేనూ మోశాను అమ్మా. నిండినప్పుడు అది భుజాన్ని కోస్తుంది. ఎక్కడ కోడి చచ్చినా, దూడకు విరేచనాలైనా నింద ముందు మందు చల్లేవాడి మీదికే వస్తుంది. కాబట్టి నేను ఇక్కడ తటస్థంగా ఉండలేను. మీ ఉత్తరాన్ని బట్టి అతను ఆ గేటు దాటలేదు. అది చూసిన మనిషి మీరొక్కరే.

మీ ముందు మూడు దారులున్నాయి. మీ భర్తగారు చెప్పినట్టు ఊరుకోవడం ఒకటి. పిన్నిగారితో కూరలు ఇచ్చిపుచ్చుకోవడం, పాప అటు వెళ్ళి ఆడుకోవడం అన్నీ యథాప్రకారం సాగుతాయి. కాని దాని ఖర్చు మీరు పెట్టరు, ఆ అబ్బాయి పెడతాడు. పైగా శనివారం తెల్లవారుజామున పాలవాడో, పేపరువాడో మిమ్మల్ని గోడ దగ్గర చూసి ఉంటే, ఆ మాట ఎప్పుడో ఒకనాడు మీ నోటి నుంచి కాకుండా ఇంకొకరి నోటి నుంచి పిన్నిగారికి చేరుతుంది. అప్పుడు మీరు చెప్పే ఏ వివరమూ ఆవిడ చెవికెక్కదు.

రెండోది మధ్యేమార్గం. మీ వార్డు సచివాలయానికి వెళ్ళి, ఆ శుక్రవారం అతను ఇంట్లోకి వెళ్ళలేదు, నేను చూశాను అని రాసి ఇవ్వడం. మందు సంగతి చెప్పకుండానే ఈ పని చేయవచ్చు, అది అబద్ధం కాదు. అబ్బాయి గండం గట్టెక్కుతుంది. కాని పిన్నిగారు మరో దోషిని వెతుక్కుంటారు. మీరు రోజూ గోడ అవతల ఆ మిగిలిన రెండు చేపలను చూస్తూ ఉంటారు. ధైర్యం కూడగట్టుకోవడానికి నాలుగు రోజులు కావాలంటే ఈ దారితో మొదలుపెట్టవచ్చు. కాని ఆలస్యం చేయకండి, విచారణ మీ కోసం ఆగదు.

మూడోది పిన్నిగారికి చెప్పడం. ఆవిడకు కోపం వస్తుంది. చేపల మీదికన్నా, తన పెరట్లోకి తనకు తెలియకుండా చెయ్యి చాచినందుకు వస్తుంది. కొన్నాళ్ళు మాట్లాడకపోవచ్చు. పాపను రానివ్వకపోవచ్చు, అది మీకు ఎక్కువ కష్టంగా ఉంటుంది. అయినా చెప్పదలచుకుంటే క్లోరిన్ లెక్కలతో మొదలుపెట్టకండి, అది వాదనలా వినబడుతుంది. ఆసుపత్రిలో గడిపిన ఆ ఎనిమిది రాత్రులతో మొదలుపెట్టండి. ఆ సంగతి ఆవిడకు మీరు ఎప్పుడూ విడమరిచి చెప్పినట్టు లేదు. మే నెలలో మీరు నీళ్ళు పారబోయమన్నారు, ఎందుకు భయపడుతున్నారో చెప్పలేదు. ఆవిడకు తన భర్త గుర్తుగా మిగిలిన తొట్లను తీసేయమన్నట్టు వినిపించింది. ఇద్దరూ తమ మనుషుల గురించే మాట్లాడారు, ఒకరి మాట ఒకరికి చేరలేదు. చెప్పాక, ఆవిడ ఒప్పుకుంటే ఇద్దరూ కలిసి వెళ్ళి ఫిర్యాదు వెనక్కి తీసుకోవచ్చు. ఒప్పుకోకపోతే మీరొక్కరే వెళ్ళి చెప్పవలసి వస్తుంది, దానికీ సిద్ధపడి వెళ్ళండి. నేనైతే మూడో దారే పడతాను. కాని ఆ గోడ పక్కన బతకవలసింది మీరు, నేను కాదు.

పిన్నిగారు ఒప్పుకున్న రోజు తామరలను తీయవలసిన పనే ఉండదు. ప్రతి తొట్టిలో రెండు మూడు గప్పీ చేపలు వేస్తే చాలు, ఆకుల సందుల్లో దూరి లార్వాలను ఏరుకుతింటాయి. వాటిని తెచ్చే పని మీ పాపకు అప్పగించండి. చేపలున్న నీటిని మాత్రం చెరువులోకో కాలువలోకో పారబోయకండి. దోమల కోసమని 1928లో మన దేశానికి తెచ్చిన గంబూసియా చేపలు ఎన్నో నీటి వనరుల్లో స్థానిక చేపలకే ఎసరు పెట్టాయి. బీటీఐ గురించి కూడా ఒక మాట దాచకుండా చెప్పాలి. ఫ్రాన్స్‌లోని కమార్గ్ చిత్తడి నేలల్లో దీన్ని విస్తారంగా చల్లిన చోట, దోమలను పోలిన కుట్టని చిన్న ఈగలు కూడా తగ్గి, వాటిని తినే పక్షుల పిల్లలకు మేత తగ్గిందని పరిశోధకులు గమనించారు. పెరటి గాబుకు ఆ చింత అక్కర్లేదు. పైన దోమతెర గుడ్డ కట్టడానికి వీలుకాని ఆ గాబులో, ఆవిడకు తెలిసి, పొట్లం మీద రాసిన మోతాదులో, పది రోజులకోసారి వేసుకోవచ్చు. ఎండ తగిలే నీటిలో మందు బలం త్వరగా తగ్గిపోతుంది.

చివరగా ఒకటి అడుగుతాను, నొచ్చుకోకండి. ఆరు పేజీల ఉత్తరంలో పిన్నిగారి పెరడు అంగుళం అంగుళం కనిపించింది, మీ ఇల్లు ఎక్కడా కనిపించలేదు. ఫ్రిజ్ వెనక నీళ్ళు పడే పళ్ళెం ఎప్పుడు తీసి చూశారు? కూలరు అడుగు, మేడ మీద ఓవర్‌హెడ్ ట్యాంకు మూత, దాని గాలి గొట్టానికి కట్టవలసిన జాలీ, మనీప్లాంటు సీసా? డెంగీ దోమ పగటిపూట కుడుతుంది, సాధారణంగా వంద రెండు వందల గజాల లోపలే తిరుగుతుంది. నిరుడు అక్టోబరులో పాపను కుట్టిన దోమ మీ ఇంట్లో పుట్టిందో, బడిలో పుట్టిందో, పిన్నిగారి తొట్టిలో పుట్టిందో ఎవరూ చెప్పలేరు. పిన్నిగారి దగ్గరికి వెళ్ళే ముందు ఒక తెల్ల గరిటె తీసుకుని మీ ఇల్లంతా ఒకసారి తిరిగి చూడండి. లార్వాలు దొరికితే ఆ గరిటెతోనే ఆవిడ దగ్గరికి వెళ్ళండి.

ఆ కాఫీపొడి సీసాను మాత్రం ఈ పూటే వంటింట్లోంచి తీసేయండి.